వాపోయారు కాదు, చెప్పారు

మా విలేకరికి ‘తక్కెడ’ అని పేరు పెట్టింది నేనే. ఇరవై రెండేళ్ళుగా ఈ చిన్న పత్రికలో అతను వార్తలు రాస్తున్నాడు, నేను దిద్దుతున్నాను. రాయడం అయ్యాక సొరుగులోంచి ప్లాస్టిక్ స్కేలు తీసి, ఇటువాళ్ళకి ఎంత చోటు దక్కిందో, అటువాళ్ళకి ఎంత దక్కిందో కొలుస్తాడు. ఒక్క లైను తేడా వచ్చినా ఆ పూట అతనికి ముద్ద దిగదు. ఒకసారి భార్య పక్కింటివాళ్ళ మీద ఏదో చెప్పబోతే, “వాళ్ళ వివరణ తీసుకున్నావా?” అని అడిగాడట. ఆ రోజు ఆవిడ అన్నం పెట్టలేదు, వివరణా ఇవ్వలేదు.

చాదస్తం తప్ప మనిషిలో కల్మషం లేదు. అలాంటివాణ్ణి ఒక గురువారం పొద్దున టైలరమ్మ వచ్చి నిలదీసింది.

మెడలో కొలతల టేపు అలాగే ఉంది. చేతిలో ముందు రోజు పేపరు. ఆవిడ వీధిలో కుళాయి నీళ్ళు సరిగ్గా రావడం లేదన్న వార్త పైకి కనిపించేలా మడిచి పట్టుకుని వచ్చింది.

“ఇది రాసిందెవరు?”

“నేనేనమ్మా, కూర్చోండి.”

“కూర్చోవడానికి రాలేదు. నేనెప్పుడు వాపోయాను నాయనా?”

తక్కెడకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. మా పత్రికల్లో ఆఫీసర్లు స్పష్టం చేస్తారు, నాయకులు ఉద్ఘాటిస్తారు. మామూలు మనుషులు, అందులోనూ ఆడవాళ్ళు, వాపోతారు. కంట తడి ఉందా లేదా అని ఎవరూ చూడరు.

“ఇంజనీరుగారేమో స్పష్టం చేశారట, నేనేమో వాపోయానట. మిషన్ మీంచి కాలు తీయకుండా చెప్పాను మీకు. నేను ఏడవడం చూశారా? సోమవారం మున్సిపల్ ఆఫీసులో ఈ నీళ్ళ మీద విచారణ ఉంది. నిన్న కాగితం ఇవ్వడానికి వెళితే, గుమాస్తా ఈ పేపరు చూపించి, ‘ఏడుపులు వినడానికి కాదమ్మా మేమున్నది, రుజువులుంటే రండి’ అన్నాడు. నలభై రోజులు నీళ్ళు ఎప్పుడొచ్చాయో, ఎన్ని నిమిషాలొచ్చాయో గోడ మీద సుద్దతో రాసి పెట్టాను. మీరు ఫోటో కూడా తీసుకున్నారు. అదంతా ఏది? మీ పేపర్లో పడితే పట్టుకెళదామనుకున్నాను. గోడ పీక్కుని వెళ్ళలేను కదా!”

“మీ మాట పదహారు లైన్లయిందమ్మా. ఆయనది పన్నెండే. సమానం చేయాలి కదా, అందుకని గోడ సంగతి...”

“ఆయన దగ్గర చెప్పడానికేమీ లేకపోతే నా మాట కత్తిరిస్తారా? ఇద్దరికీ ఒకే కొలతతో చొక్కా కుడితే ఒకరికి బిగుసుకుపోతుంది, ఇంకొకరికి జారిపోతుంది. కుట్టినవాళ్ళు మాత్రం సమానంగా కుట్టానంటారు.”

తక్కెడ స్కేలు కోసం బల్ల మీద తడుముకున్నాడు. అప్పటిదాకా ఓ పక్కన కూర్చుని వింటున్న రిటైర్డ్ మాస్టారు తగుదునమ్మా అని కల్పించుకున్నారు. ప్రతి గురువారం పాఠకుల ఉత్తరాల పేజీకి స్వయంగా ఉత్తరం తెచ్చిచ్చే మనిషి ఆయన.

“ఆగండాగండి. అసలు అన్యాయం జరిగింది ఇంజనీరుకి. పైపు పగిలిందని ఆయన చెప్పిన ముక్క అడుగున పడేశారు. అక్కడికొచ్చేసరికి చదివేవాడు ఆటల పేజీలో ఉంటాడు. మా ఇంట్లో నీళ్ళు బ్రహ్మాండంగా వస్తున్నాయి మరి!”

“మీ ఇల్లు ట్యాంకు పక్కనే కదండీ,” అంది టైలరమ్మ.

“పక్కన ఉంటే నా మాట లెక్కలోకి రాదా?”

తక్కెడ తల ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పాడు. ఇద్దరూ పక్షపాతం అంటున్నారు, ఎవరి పక్షమో తేలడం లేదు. స్కేలు చేతిలోకి తీసుకున్నాడు, పెట్టేశాడు, మళ్ళీ తీసుకున్నాడు. పాపం, కొలవడానికి ఏముందక్కడ? ఆ గోడని ఎందుకు తీసేశానా అన్న ప్రశ్న అతని మొహం మీదే కనిపిస్తోంది.

చివరికి నా వైపు తిరిగాడు. “అన్నా, ‘వాపోయారు’ అని నేను రాశానా? నాకెందుకో గుర్తు రావడం లేదు.”

“ఏమో,” అన్నాను, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

అబద్ధం. నాకు బాగా గుర్తుంది. అతను సొరుగు లాగి, నేను దిద్దిన కాగితాల కట్ట విప్పాడు. బుధవారం వార్త దొరికింది. అతను అచ్చు తీసిచ్చిన కాగితంలో ‘చెప్పారు’ అనే ఉంది. దాని మీద ఎర్ర గీత, పైన నా గుండ్రటి అక్షరాల్లో ‘వాపోయారు’. చెయ్యి అలవాటు. ఇన్నేళ్ళలో ఎంతమందిని అలా ఏడిపించానో!

అతను ఆ కాగితం చూశాడు, నన్ను చూశాడు. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

“నేనే రాసుంటానమ్మా, తప్పు నాదే. శనివారం సవరణ వేస్తాను. మీ గోడ మీది నలభై రోజులూ వేస్తాను,” అన్నాడు. వెంటనే మళ్ళీ గందరగోళంలో పడ్డాడు. “కానీ పేరో తేదీయో తప్పయితేనే సవరణ వేస్తాం కదన్నా, మాటకి వేయొచ్చా? నలభై రోజులూ వేస్తే ఇంజనీరుగారికి ఎన్ని లైన్లివ్వాలి? ఆయన పైపు ముక్క పైకి తేవాలా? నాకేం తోచడం లేదన్నా.”

నాకూ తోచలేదు. మాస్టారన్నదీ కొంత నిజమే అనిపించింది, టైలరమ్మ అన్నది పూర్తిగా నిజం అనిపించింది, ఈ రెంటినీ ఏ స్కేలుతో కొలవాలో నా బుర్రకి అందలేదు. ఒక్కటి మాత్రం తెలిసింది. అతని జేబులో ఉన్నది నా తప్పు. 

లేచి, అతని జేబులోంచి కాగితం తీసి, మడతలు విప్పి టైలరమ్మ ముందు పెట్టాను.

“ఆ ఎర్ర గీత నాదమ్మా. ఇతను మీరు చెప్పారనే రాశాడు.”

ఆవిడ ఎర్ర గీత మీద వేలు పెట్టి చదువుకుంది. తర్వాత తల ఎత్తి, నా కళ్ళలోకి చూసి అడిగింది.

“ఇప్పుడు మీరు వాపోతున్నారా?”

“లేదమ్మా,” అన్నాను. “చెబుతున్నాను.”