అమ్మ సున్నపుకాయ

ఎనిమిదో తరగతి పిల్లలకు ఏటా ఒక ప్రయోగం చేసి చూపిస్తాను. గాజు గ్లాసులో సున్నపుతేట పోసి, గొట్టంతో ఊదమంటాను. తేట పాలలా తెల్లబడుతుంది. సున్నం అంటే ఏమిటని అడిగితే, "కాల్షియం హైడ్రాక్సైడ్ మేడమ్!" అని బడి అదిరేలా అరుస్తారు. ఇరవై రెండేళ్లుగా వాళ్లతో చెప్పిస్తున్నాను. వాళ్లకు ఎక్కింది, నా బుర్రకే ఎక్కలేదు.

మాది ఒంటిమిట్ట దగ్గర నేతగాళ్ల ఊరు. నాన్న పోయాక ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. నలభై ఏళ్లు మగ్గం గుంటలో కాళ్లాడించిన మనిషి, కిడ్నీలు చెడిపోయాక వారానికి మూడు రోజులు కడపలో డయాలిసిస్ మంచం మీద నాలుగేసి గంటలు కదలకుండా పడుకోవాల్సి వచ్చింది. హెడ్మాస్టరు దయతలచి నా పీరియడ్లన్నీ పొద్దుటికి మార్చాడు. మధ్యాహ్నం బస్సులో తీసుకెళ్లేదాన్ని, సాయంత్రం బస్సులో తీసుకొచ్చేదాన్ని.

రెండో ఏడు ఎముకల నొప్పులు మొదలయ్యాయి. మెట్టు ఎక్కితే మూలిగేది, పక్క తిరిగితే మూలిగేది. పరీక్షలు చేసి డాక్టరు విటమిన్ డి ఇంజెక్షన్ రాశాడు. కిడ్నీలు పని చేయనప్పుడు ఒంట్లో ఆ విటమిన్ తయారు కాదట. దానివల్ల మెడలో ఉన్న చిన్న గ్రంథులు రెచ్చిపోయి ఎముకల్లోంచి కాల్షియం లాగేస్తాయట. వాటిని అణచడానికే ఈ మందు. డయాలిసిస్ చేసేటప్పుడు మిషన్ గొట్టంలోకే ఎక్కిస్తారు.

"విటమిన్ అన్నాం కదాని బలం సూది అనుకోకమ్మా" అన్నాడు ఆయన నాతో. "ఇది కాల్షియాన్ని పెంచుతుంది. మోతాదు మించితే గుండెకు ప్రమాదం. మేము చెప్పిన రక్తపరీక్షలు తప్పించొద్దు. మమ్మల్ని అడక్కుండా కాల్షియం బిళ్లలు, గ్యాస్ మందులు, బయట చేసే డి సూదులు ఏవీ వద్దు."

సైన్సు టీచర్ని. నాకు ఇంత చెబితే చాలు. ఆ రోజే ఇల్లంతా సోదా చేశాను. పాత కాల్షియం బిళ్లల డబ్బా పారేశాను. అమ్మ దిండు కింద దాచుకున్న గ్యాస్ పొట్లాలు పారేశాను. పక్కింటామె ఎముకలకు మంచిదని పాలపొడి డబ్బా తెస్తే గుమ్మంలోనే వెనక్కి పంపించాను, ఆమె నెల రోజులు నాతో మాట్లాడలేదు. సిస్టర్ కాగితం పట్టుకుని, "అవ్వకు ఇవి కాక ఇంకేమన్నా ఇస్తాండారా మేడమ్?" అని అడిగితే, "ఏమీ ఇవ్వడం లేదు" అని గట్టిగా చెప్పాను. కాస్త గర్వంగానే చెప్పాను.

అమ్మకు అసలు బాధ నొప్పులు కాదు, దాహం. రోజుకు చిన్న చెంబెడు నీళ్లకు మించి తాగకూడదన్నారు. మే నెలలో కడప ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. "నోరు ఎండుకపోతాండాది మే. ఒక్క గుక్క పొయ్యి" అని పసిపిల్లలా బతిమాలేది. పొయ్యలేను, కాదనలేను. ఆకూవక్కా వేసుకుంటే నోట్లో తడి ఊరి కాసేపు నీళ్లు అడిగేది కాదు. చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటే. బొడ్డున దోపుకున్న సంచి, అందులో ఇత్తడి సున్నపుకాయ. ఇదేదో బాగుందనుకున్నాను. అమ్మ మిషన్ మీద ఉన్న నాలుగు గంటల్లో బజారుకు పోయి లేత ఆకులు, వక్కలు, తడి సున్నం తెచ్చేదాన్ని. సున్నపుకాయ నా చేత్తోనే నింపేదాన్ని. ఆకులు రోజుకు పది నుంచి ముప్పై అయ్యాయి. నీళ్లు తగ్గాయని డాక్టరు మెచ్చుకున్నాడు కూడా.

కొన్ని వారాలకు అమ్మకు మలబద్ధకం పట్టుకుంది. తిన్నది కక్కేది. ఒళ్లంతా దురద, కళ్లు ఎర్రగా. వేసవి వేడి అనుకున్నాను. ఒక బుధవారం మిషన్ మీద పడుకుని గాలిలో చేతులాడిస్తూ, "పోగు తెగింది మే, కనపడ్ల్యా నీకు?" అని నన్ను గదమాయించింది. నాన్న పేరు పెట్టి పిలిచి, ఆయనను అన్నానికి రమ్మంది.

రక్తం తీసి పంపారు. కాల్షియం బాగా పెరిగిందని రిపోర్టు వచ్చింది. డాక్టరు అప్పటికప్పుడు ఇంజెక్షన్ ఆపించి, ఇంట్లో ఏం వాడుతున్నారని మళ్లీ అడిగాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "సూది మీరు వేసి నన్నడుగుతారేంటి? మోతాదు ఎక్కువేసి ఉంటారు. ఇంట్లో గ్యాస్ బిళ్ల కూడా లేకుండా చేశాను నేను" అని వార్డంతా వినబడేలా అరిచాను. పక్క మంచాల వాళ్లు తలలు తిప్పి చూశారు. ఆయన తలవంచుకుని రిపోర్టు మళ్లీ చదివాడు. దోషం వాళ్లదే కాబట్టి తలెత్తడం లేదనుకున్నాను.

సిస్టర్ తడిగుడ్డతో అమ్మ మూతి తుడిచింది. తర్వాత ఎడమచేయి తుడవబోయి ఆగింది. బొటనవేలి గోటి చుట్టూ తెల్లగా పూత గట్టి ఉంది. తుడిస్తే పోవడం లేదు.

"ఇదేంది మేడమ్?" అంది.

"సున్నం" అన్నాను.

ఆ మాట నోట్లోంచి వచ్చాకే నాకు వినబడింది. కాల్షియం హైడ్రాక్సైడ్ మేడమ్. ముప్పై ఆకులు, ముప్పై సార్లు సున్నం. మింగిన సున్నాన్ని పేగులు బాగా పీల్చుకునేలా చేసే మందు ఒక పక్క, నేను బజారు నుంచి మోసుకొచ్చిన సున్నం ఒక పక్క. నేల చీలితే అందులోకి పోదామనిపించింది. అరిచిన నోటితోనే ఆయనకు చెప్పాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. "మేము కూడా అడగలేదమ్మా" అన్నాడు. సిస్టర్ చదివి అడిగే కాగితంలో బిళ్లలు, సూదులు, పసర్లు ఉన్నాయి. ఆకూవక్కా లేదు.

మిషన్‌లో వాడే ద్రవాన్ని కాల్షియం తక్కువున్నదానికి మార్చి డయాలిసిస్ చేశారు. పది రోజులకు అమ్మకు తెలివి వచ్చింది. కాల్షియం దిగాక, నెల తర్వాత ఇంజెక్షన్ తక్కువ మోతాదులో మళ్లీ మొదలుపెట్టారు. ఆకూవక్కా మాత్రం మాన్పించమన్నారు. ఆ సంగతి చెప్పినప్పుడు అమ్మ నా వైపు తిరిగింది.

"ఉప్పు తీసుకున్యారు. నీళ్లు తీసుకున్యారు. ఇది గూడా తీసుకో పో" అంది.

ఆ తర్వాత నాతో మాటలు తగ్గించేసింది. ఆకూవక్కా మానిందంటే నేను నమ్మలేదు. నేను బడికి పోయినప్పుడు పక్కింటామె చేత తెప్పించుకుంటుందని నా అనుమానం. రోజూ అమ్మ గోళ్లు చూసేదాన్ని, దొంగను పట్టుకున్నట్టు. ఒకసారి నోరు తెరిపించి నాలుక చూశాను. తెరిచింది, చూపించింది, మూసుకుని గోడవైపు తిరిగింది. నీళ్లడగడం కూడా మానేసింది. అలా సోదా చేయడం నాకు బాధ్యతగానే అనిపించింది అప్పట్లో. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అయిదు నెలలు బతికింది. ఒక శుక్రవారం మిషన్ పెట్టకముందే గుండె ఆగిపోయింది. సున్నం వల్లేనా అని డాక్టరును పట్టుకుని అడిగాను. రక్తనాళాలు ఏళ్ల తరబడి గట్టిపడుతూ వచ్చాయని, ఇదీ అని చెప్పలేమని అన్నాడు. కాదు అని మాత్రం అనలేదు.

మా వాళ్లలో పోయినవాళ్ల నోట్లో ఆకూవక్కా దంచి పెడతారు. మేనత్త రోలు ముందేసుకుని కూర్చుని, "సున్నపుకాయ తీసకరా మే" అంది. అమ్మ బొడ్డు నుంచి సంచి తీశాను. పారేసిందనుకున్న సున్నపుకాయ అందులోనే ఉంది. మూత తీశాను. చింతపండు పెట్టి తోమినట్టు లోపల ఇత్తడి తళతళలాడుతోంది. అంచుల్లో కూడా తెల్లటి మరక లేదు. అయిదు నెలలుగా ఖాళీ సున్నపుకాయ బొడ్డున పెట్టుకుని తిరిగింది నా తల్లి, నేను గోళ్లు చూస్తుంటే ఒక్క మాట అనకుండా.

మేనత్త పక్కింటామెను కేకేసి సున్నం తెప్పించింది. ఆకు మీద రాయబోతుంటే నాకు తెలియకుండానే ఆమె చేయి పట్టుకున్నాను.

"సున్నం వద్దత్తా. అమ్మకు పడదు."

అందరూ నన్నే చూశారు. మేనత్త మెల్లగా నా వేళ్లు విడిపించింది.

"ఇంగేం జేస్తాది లే పాపా ఇప్పుడు" అంది.

ఆకు నేనే తీసుకున్నాను. ఎంత రాయాలో ఆమెకు తెలియదు, నాకు తెలుసు. అమ్మ లాగే బొటనవేలి గోటితో సున్నం తీసి, ఈనె పక్కన సన్నగా రాసి ఇచ్చాను.