జిల్లేడు పాల చీటీ

మొన్న వికారాబాదులో మా మనవరాలి కంటిరెప్ప మీద కురుపు లేస్తే మా అమ్మాయి ఫోన్‌లోని ఏఐని మందు అడిగింది. అది ఏమాత్రం తడుముకోకుండా, జిల్లేడు పాలు ఒక్క చుక్క కంట్లో వేయమని చదివి వినిపించింది. ఆ మాటలు అదే వరుసలో నలభై ఏళ్ల కిందట నేను చదివినవే.

అప్పుడు నేను తాండూరులో ఒక చిన్న గ్రంథాలయంలో కొత్తగా చేరిన గుమాస్తాను. ఇంటివైద్యం పుస్తకమొకటి చేతులు మారీ మారీ కుట్లు ఊడిపోయి ఉండేది. ఒకరోజు బొంరాస్‌పేట నుంచి ఒకావిడ, కంటికి గుడ్డ కట్టిన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి, ఆ పుస్తకాన్ని మా ముందు పడేసింది. “గిండ్ల చూసే జిల్లేడు పాలు ఏసిన. నా బిడ్డకు కన్ను కనిపిస్తలేదు. గిట్లెట్ల రాసిన్రు?” అని ఏడ్చింది.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆమె అబద్ధమాడుతోందనుకున్నాను. మా గ్రంథపాలకుడైన పెద్దసారుకూ అనుమానమే, కానీ ఆయన అనుమానం ఊరికే కూర్చునేది కాదు. తలుపులకు తాళం వేసి తల్లీబిడ్డలను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, జిల్లేడు పాల వల్లేనని ఆయన నోట విని వచ్చి, ‘ఇది తప్పు, కంట్లో వేయరాదు’ అని చీటీ రాసి, కింద ఆమె పేరు, ఊరు, డాక్టరు పేరు వేసి, ఆ పేజీలో అంటించారు. పిల్ల చూపు దక్కింది. “అచ్చయిందని నమ్మొద్దమ్మా. ఎవరు చెప్పిన్రు, వాళ్లకెట్ల ఎరుక, గది అడుగు” అన్నారు నాతో. తర్వాత ఎన్ని పుస్తకాలలో అలాంటి చీటీలు అంటించామో.

నిరుడు ఆ పుస్తకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారంటే మురిసిపోతూ చూడ్డానికి వెళ్లాను. “పేజీలు సాఫ్‌గ రావాలె గద మేడం, చీటీలన్నీ పీకేసినం” అన్నాడు అక్కడి కుర్రాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఆ ఊరుకోవడమే ఇప్పుడు నన్ను తినేస్తోంది.

మనవరాలిని ఆసుపత్రికి తీసుకెళ్లాం, కురుపు తగ్గిపోయింది. “అందరు చెప్పిందే గదమ్మా అది చెప్తది” అంది మా అమ్మాయి. అందరూ అంటే ఎవరని అడిగాను. నా పట్టుదల చూసి, ఇది తప్పని ఫోన్‌కు చెప్పింది. వెంటనే అది ఎంతో మర్యాదగా క్షమాపణ చెప్పింది. చెప్పింది ఎవరో, వాళ్లకెలా తెలుసో ఒక్క ముక్క అడగలేదు. మరునాడు అల్లుడి ఫోన్లో అడిగిస్తే మళ్లీ అదే చుక్క.

తప్పులు మా పుస్తకాలలోనూ ఉండేవి, కానీ ఆ పుస్తకం తెచ్చి పడేయడానికి ఎదురుగా మేముండేవాళ్లం. ఇప్పుడు ఆ తప్పును ఎవరి ముందు పడేయాలో నాకు తెలియడం లేదు.