గట్టు మీద నాలుగు ఊపిర్లు

బాబూలాల్ ఇప్పుడు రేపల్లెలో తన ఇంటి వరండాలో కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. ఆ చెయ్యి ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. ఇరవై రెండేళ్లు కాలవల్లోనూ కృష్ణలోనూ మునిగి తేలిన మనిషి. లాకుల తలుపుల కింద ఇరుక్కున్న దుంగలు లాగాడు. వంతెన స్తంభాలకి పగుళ్లున్నాయేమో చేత్తో తడిమి చెప్పాడు. పెనుమూడి దగ్గర మునిగిపోయినవాళ్ల శవాలు ఎన్ని తీశాడో అతనికే గుర్తులేదు. శవం కోసం దిగిన రోజు ఎవరిచ్చినా టీ చుక్క కూడా ముట్టేవాడు కాదు.

నా పేరు శేషగిరిరావు. తెనాలిలో నాకు కంప్రెసర్లు బాగుచేసే షాపుంది. ఈ చుట్టుపక్కల డైవర్ల సిలిండర్లలో గాలి నింపేదీ నేనే. డైవర్లంటే పెద్ద పటాలమేం కాదు, ఇద్దరే. బాపట్ల లాజరు, రేపల్లె బాబూలాల్. ఆ ఇద్దరిలోనూ ఒకడు పోయాడు.

లాజరు పోయింది నా కళ్ల ముందే. కొమ్మమూరు కాలవలో లాకు తలుపుకి అడ్డంపడ్డ గుర్రపుడెక్క తియ్యడానికి దిగాడు. సిలిండర్ మీది వాల్వు తిప్పి గాలి తెరవడం మర్చిపోయాడు. గొట్టంలో మిగిలిన గాలి రెండు ఊపిర్లకి సరిపోయింది. ఆ రెండూ పీల్చుకుని తలుపు కిందకి దూరాడు, మూడోది రాలేదు. బురద నీళ్లలో బాబూలాల్ వెతికి పట్టుకునేసరికి అంతా అయిపోయింది.

ఆ గట్టు మీదే నేను బాబూలాల్ చొక్కా పట్టుకున్నాను. "ఒరేయ్, ఇకమీదట గట్టు మీదే నాలుగు ఊపిర్లు పీల్చు. నోటి దగ్గరున్న మీట నొక్కి గాలి బుస్సుమనిపించు. నలుగురికీ చూపించి అప్పుడు దిగు. ఈ పని చెయ్యకుండా దిగావని తెలిస్తే నా షాపు మెట్టెక్కద్దు" అన్నాను. ఏడుస్తూనే తలూపాడు.

పదిహేడేళ్లలో ఒక్కసారి తప్పలేదు. నమాజుకి ముందు కాళ్లూ చేతులూ కడుక్కున్నంత నిష్ఠగా చేసేవాడు. లాకుల దగ్గర చేరిన జనం "బాబూలాల్ గాలి భోంచేస్తున్నాడర్రా" అని నవ్వేవాళ్లు. నేను మాత్రం లోలోపల పొంగిపోయేవాణ్ణి. నా మాట ఒక మనిషిని బతికిస్తోందని గర్వం. వెధవ గర్వం.

పోయిన ఏడాది చలికాలం మొదట్లో రమేష్ బాబు అనే కాంట్రాక్టరు బాబూలాల్‌కి కబురు పెట్టాడు. హిమాచల్ కొండల్లో ఒక డ్యామ్ గేటుని నీళ్ల అడుగున పరీక్ష చెయ్యాలి. నీళ్లు మంచుకి ఒక మెట్టు ఇవతల ఉంటాయి. డైవరు తన సామాను తనే తెచ్చుకోవాలి. ఈ వయసులో నీకెందుకురా అన్నాను.

"అక్కడ నీళ్లు అద్దంలా ఉంటాయంట అన్నా" అన్నాడు. "ఇన్నేళ్లు దిగాను గానీ, నీళ్లలో నా చేతులు నాకెప్పుడూ కనపళ్లేదు. ఒక్కసారి చూసుకోవాలని ఉంది."

అయితే సామాను సంగతి నేను చూస్తానన్నాను.

ఇక రెగ్యులేటర్ సంగతి. అది గ్యాస్ బండ మీద ఉండేదానికి అన్నదమ్ముడే. సిలిండర్లో కుక్కిన గాలిని మనిషి పీల్చుకోగలిగేంత మెత్తగా చేసి నోటికి అందిస్తుంది. అలా మెత్తబడేటప్పుడు గాలి బాగా చల్లబడుతుంది. కృష్ణ నీళ్లలో దాంతో ఇబ్బందేం లేదు. నీళ్లే మంచులా ఉన్నచోట మాత్రం లోపలి స్ప్రింగు చుట్టూ చేరిన నీరు గడ్డకట్టి, మూసుకోవలసిన దారి మూసుకోక, సిలిండర్లో గాలంతా బుసబుసా బయటికి పోతుంది. బాబూలాల్ పాతదాంట్లో స్ప్రింగు దగ్గరికి నీళ్లు వచ్చిపోతుంటాయి. కొత్తరకంలో దానికి రబ్బరు పొర అడ్డు ఉంటుంది, నీటిచుక్క కూడా లోపలికి రాదు.

బాబూలాల్‌కి పాతదాని మీదే ప్రేమ. "పెళ్లాంలాగా అలవాటైందన్నా, అదెప్పుడు అలుగుతుందో నాకు తెలుసు" అనేవాడు. మాటలతో లాభం లేదని కొత్తది తెప్పించాను. రెండూ పట్టుకుని అతన్ని రేపల్లెలో రొయ్యలు కొనేవాళ్ల షెడ్డుకి తీసుకెళ్లాను. పెద్ద టబ్బులో నీళ్లు పోసి, ఐసు పొడి కొట్టించి, రాళ్లుప్పు కలిపాం. రెండింటినీ అందులో ముంచి గాలి వదిలాం. నాలుగు నిమిషాలకే పాతది కేక పెట్టి ఉన్న గాలంతా కక్కేసింది. కొత్తది ఇరవై నిమిషాలైనా నోరెత్తలేదు.

తర్వాత బాబూలాల్ కొత్తది నోట్లో పెట్టుకుని మొహం ఆ టబ్బులో ముంచాడు. ముంచేముందు నాలుగు ఊపిర్లు పీల్చాడు, మీట నొక్కాడు, నావైపు చూసి బొటనవేలెత్తాడు. పైకి లేచేసరికి పెదాలు నల్లబడ్డాయి. చుట్టూ రొయ్యలు వలిచే ఆడవాళ్లు పగలబడి నవ్వారు. అతనూ నవ్వాడు.

"సరే అన్నా, ఇదే తీసుకెళ్తాను" అన్నాడు. ఎంపిక అయిపోయిందని ఇద్దరం టీ తాగాం. కొత్తదానితో వచ్చిన పుస్తకం మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను, రిపేరు పేజీలు నాకు పనికొస్తాయని. మొదటి పేజీలు చదవలేదు. ఏ మెషీనుకైనా మొదటి పేజీలు హెచ్చరికలే, మెకానిక్కన్నవాడు వాటిని చదవడు.

జనవరిలో ఒక ఉదయం నా ఫోన్‌కి వీడియో వచ్చింది. డ్యామ్ మీద ఇనప మెట్లు, పక్కన పేరుకున్న మంచు. బాబూలాల్ రెగ్యులేటర్ నోట్లో పెట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఊపిరి వదిలినప్పుడల్లా పొగ. మీట నొక్కాడు, బుస్సుమంది. నోట్లోంచి తీసి, "శేషగిరన్నకి పంపించండి సార్, లేకపోతే తిడతాడు" అన్నాడు. నేను షాపులో అందరికీ చూపించి, వాడికి బొటనవేలి బొమ్మ పంపాను.

గంట తర్వాత రమేష్ బాబు ఫోన్ చేశాడు. దిగిన కాసేపటికే గాలి బుసబుసా పోవడం మొదలైందట. పైన తాడు పట్టుకున్నవాళ్లు నీళ్లు మసలడం చూసి బెదిరిపోయి ఒక్క గుంజున లాగేశారు. అంత వేగంగా వస్తే ఛాతీలో గాలి ఉబ్బుతుంది. గాలిబుడగ నెత్తురులో కలిసి తలకెక్కింది. కుడిపక్కంతా పడిపోయింది.

కంపెనీ రిపోర్టులో 'డైవరు పొరపాటు, సూచనలు పాటించలేదు' అని రాశారు. నేను మండిపడ్డాను. ఏం సూచనరా పాటించలేదు, వాడు పాటించినట్టు ఎవడు పాటిస్తాడని తిట్టుకుంటూ సొరుగులోంచి పుస్తకం తీశాను. మూడో పేజీలో పెద్ద అక్షరాలతో ఉంది. గడ్డకట్టే చలిలో, నీళ్లలోకి దిగకముందు దీంతో ఊపిరి పీల్చరాదు, మీట నొక్కరాదు. నోటి ఆవిరి లోపల మంచుగా మారి గాలి ఆగకుండా పోతుంది.

రేపల్లె ఎండలో నోటి ఆవిరి గడ్డకడుతుందా? నా టబ్బు పరీక్ష అందుకే నెగ్గింది. మంచి సామానే ఎంచాను. దాన్ని పాడుచేసే అలవాటు పదిహేడేళ్ల కిందట నేనే నేర్పి ఉన్నాను.

ఆ పుస్తకం సంచిలో పెట్టుకుని రేపల్లె వెళ్లాను, చెప్పేద్దామని. బాబూలాల్ భార్య గౌస్ బీ వాకిట్లోనే ఎదురైంది. ఆమెకి పేజీ చూపించి తెలుగులో చెప్పాను. ఆమె పుస్తకం మూసి నా చేతిలో పెట్టింది.

"ఇది ఆయనకి చెప్పకండి అన్నయ్యా" అంది. "మీ నాలుగు ఊపిర్ల వల్లే ప్రాణమన్నా దక్కిందని అందరికీ చెప్పుకుంటున్నాడు. ఇప్పుడది కూడా తీసేస్తారా? మీ బరువు దించుకోవడానికి మా ఇల్లే దొరికిందా?"

ఆమె గొంతు లేవలేదు. అరిచి నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

వరండాలోకి వెళ్లి అతని పక్కన కూర్చున్నాను. అతనికి మాట ముద్దగా వస్తోంది.

"నీళ్లు తేటగా ఉన్నాయన్నా" అన్నాడు. "రెండు చేతులూ కనపడ్డాయి. వేళ్లు కూడా."

"అలాగా" అన్నాను.

ఎడంచేత్తో కుడిచెయ్యి ఎత్తి ఒళ్లో సర్దుకున్నాడు.

"నాలుగూ పీల్చానన్నా. ఒక్కటి కూడా తగ్గించలేదు. వీడియోలో చూశావుగా?"

"చూశానురా" అన్నాను.