కాడ లేని ఊదా కార్నేషన్లు

2006. కలకత్తాలో మొక్కల భద్రతను పరీక్షించే ల్యాబ్‌లో నా ఉద్యోగం. జన్యువులు మార్చిన పువ్వులకు రిస్క్ అసెస్‌మెంట్, అంటే వాటివల్ల మనుషులకూ మట్టికీ హాని ఉందో లేదో తేల్చడం, నా పని. ఆ ఏడు దుర్గాపూజలు ఇంకా దూరంగా ఉండగానే ఒక కంపెనీ నుంచి ఊదారంగు కార్నేషన్లు పరీక్షకొచ్చాయి. పెట్యూనియా అనే మరో పూలమొక్క జన్యువు చేర్చి తెప్పించిన రంగది.

వాటి వెనకే సింహాచలం దిగాడు. గార్డెన్ రీచ్‌లో పూల వ్యాపారి. తాతలనాడు శ్రీకాకుళం నుంచి ఓడరేవు పనికొచ్చిన కుటుంబం. వాళ్ల పేట దుర్గాపూజలో పూల బాధ్యత మొదటిసారి ఒక తెలుగువాడికి, అంటే ఇతనికి, అప్పగించారు.

"అమ్మోరికి ఊదా పూలెడతానని పేటంతా సెప్పీసినానమ్మా. నువ్వు కాదంటే పూజ సేయించే బెంగాలీ దాదాలు నన్ను బతకనిస్తారేటి?"

"పరీక్ష కాకుండా చాటింపెవరు వేయమన్నారయ్యా?" అని కసిరాను.

"ఇసం గానీ ఉందేటి?"

"వంకాయ తొక్కలో ఉండే రంగు జాతే. వంకాయకూర తిని ఎవరైనా పోయారా?"

పుప్పొడి అంతంతమాత్రం. కోసిన పువ్వు విత్తనం కట్టదు. అంతా బాగానే ఉందనుకుంటుండగా, వాడిన పూలు చెత్తబుట్టలోకి పోతాయని కంపెనీ దరఖాస్తులో రాసింది చూసి నవ్వాపుకోలేకపోయాను. అమ్మవారి పూలు చెత్తబుట్టలోనా, అదీ కలకత్తాలో! గంగలో కలుపుతారు, లేదా తులసి మొదట్లో పెడతారు. మరి ఆ తడిమట్టిలో కాడ బతికి, మార్చిన జన్యువుతో మొక్క బయట పెరిగిపోతే? కుండీల్లో గంగమట్టి నింపి కాడలు గుచ్చాను. చాలావరకు కుళ్లిపోయాయి. ఒక్కటి మాత్రం దర్జాగా వేరు తొడిగింది.

"ఇలా అయితే ఒప్పుకోలేను" అన్నాను. సింహాచలం మొహం మాడిపోయింది. నాకూ ప్రాణం ఉసూరుమంది.

"దండలకి సూదులు కూడా తెచ్చీసినానమ్మా" అని గొణిగాడు.

"దండలా? మరి కాడలేం చేస్తావు?"

"తుంచీస్తాను. కాడలతోటి దండేటమ్మా?"

ఓరి నాయనో! వేరు పుట్టేది కాడ కణుపుల్లోంచే కదా! ఉత్త పువ్వుల్ని మళ్లీ అదే మట్టిలో పెట్టి చూశాను. ఒక్కటీ బతకలేదు. కాడలు ల్యాబ్‌లోనే తుంచి కాల్చేయాలన్న షరతు రాశాను. అనుమతులిచ్చే పై కమిటీ ఒప్పుకుంది.

అష్టమినాడు మండపానికి వెళ్లాను. అమ్మవారి మెడలో ఊదా దండ, పక్కన డోళ్లు వాయించే ఢాకీల మోత. "మా అమ్మగారు పాస్ సేసిన పూలు!" అని సింహాచలం దాదాలందరికీ నన్ను చూపిస్తున్నాడు. నాకు సిగ్గూ, పట్టరాని సంతోషమూ.

పువ్వును పరీక్షిస్తే చాలదనీ, అది ఎవరి చేతికి వెళ్లి ఎక్కడ రాలుతుందో కూడా కనుక్కోవాలనీ నాకు తెలిసింది ఆ ఏడే. నేనక్కడ ఉండగానే ఒక బెంగాలీ పెద్దావిడ తనకు ప్రసాదంగా వచ్చిన ఊదా పువ్వు కళ్లకద్దుకుని, తులసికుండీలో పెట్టుకోవచ్చా అని నన్నడిగింది.

"నిశ్చింతగా పెట్టుకోండి మాశీమా" అన్నాను.