చెక్క ఒప్పుకోలేదు

గిటార్ మావయ్య జీవితంలో తప్పంటూ చేసి ఎరగడు. తప్పులన్నీ చెక్కే చేసేది.

ఎలక్ట్రిక్ గిటార్లకు చేత్తో మెడలు చెక్కడం ఆయన పని. చెప్పిన రోజుకు పని కాకపోతే "చెక్క ఒప్పుకోలేదండీ" అంటాడు. పెళ్లాం పుట్టినరోజు మర్చిపోయినా అదే మాట. ఓసారి కూరలో ఉప్పు రెండుసార్లు వేసి, అలవాటుకొద్దీ అదే అన్నాడు.

"కూరలో చెక్కెక్కడిదండీ?" అంది అత్తయ్య.

"గరిటె చెక్కదే కదా!"

ఆ చెక్క తరఫున తిట్లు తినేది మేనకోడలు. షాపులో ఫోనెత్తేది, మెడలకు పాలిష్ పెట్టేది ఆ అమ్మాయే.

ఒకరోజు బ్యాండులో వాయించే పెద్దమనిషి వచ్చాడు. స్కూటర్ మీంచి పడితే ఆయన మణికట్టూ, వీపుకున్న గిటార్ మెడా కలిసే విరిగాయి. మణికట్టు అతుక్కుంది. వాయించలేకపోతే బ్యాండులో ఆయన చోటు ఇంకొకరికి పోతుంది.

"అచ్చం పాతదానిలాగే ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఊరుకోను."

"చెయ్యి ఎలా ఉందండీ?" అంది మేనకోడలు.

"నా చేతికేం? రాయి!" అని కసిరాడు.

మావయ్య షాపులో ఉన్న గిటార్ ఒకటి అందించాడు. ఆయన వేళ్లు మెడ చుట్టూ తిరగలేదు. చెయ్యి చటుక్కున జేబులోకి వెళ్లిపోయింది.

మావయ్య ఉన్నవాటిలోకెల్లా మేలైన పలక తీశాడు. పాత కొలత వచ్చాక కూడా ఆకురాయి ఆపలేదు.

"మావయ్యా, సన్నబడిపోతోంది! మెడ వంగకుండా లోపల పెట్టే ఇనుపకడ్డీ బయటపడుతుంది. ఆయన నన్ను నమిలేస్తాడు!"

"ఏం చెయ్యనే? చెక్క ఒప్పుకోవట్లేదు."

ఆ చెక్క వెన్నలా ఒప్పుకుంటోందని ఆమెకు కనిపిస్తూనే ఉంది.

బిగించి, తీగలు కట్టిన గిటార్‌ను పట్టుకోగానే పెద్దమనిషి మొహం మాడిపోయింది. "ఇది పాత కొలత కాదు."

"చెక్క ఒప్పుకోలేదండీ."

"చెక్క మీదికి నెట్టకండి. నా చెయ్యి చూసి జాలిపడ్డారు కదూ?"

ఆయన గిటార్ అక్కడే పెట్టి వెళ్లిపోయేలా ఉన్నాడు.

మావయ్య తల గోక్కున్నాడు. "జాలీ లేదు, గీలీ లేదు. పరధ్యానంలో ఎక్కువ అరగదీశాను. తప్పు నాదే."

మేనకోడలి చేతిలోని పాలిష్ గుడ్డ కింద పడింది. మావయ్య పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తప్పొప్పుకున్నాడు, అదీ చెయ్యని తప్పు!

పెద్దమనిషి అనుమానంగానే తీగ నొక్కాడు. చిటికెనవేలు కూడా అందింది. ఇంకో తీగ నొక్కాడు. ఆ తర్వాత పాట సగమయ్యేదాకా తలెత్తలేదు.

"తప్పు తప్పే," అన్నాడు చివరికి, గిటార్‌ను గుండెకు హత్తుకుని. "ఏదో, ఈసారికి క్షమించి తీసుకెళ్తున్నాను."

"మహోపకారం," అని మావయ్య చేతులు జోడించాడు.