ఎదురింటి అన్నయ్యగారి ఓటు

మా ఎదురింటి అన్నయ్యగారు పోయారు. మంగళవారం పొద్దున మా కోడలు ఫోన్ చేత్తో పట్టుకుని వచ్చి, "అత్తయ్యా, అంకుల్ నిద్రలోనే వెళ్లిపోయారట" అంది. ఏడుపు రావడానికి ముందు నాకు హమ్మయ్య అనిపించింది. బాధపడకుండా పోయారు. హాలు తాళం తీశారన్న మాట విని మరీ పోయారు.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. చదువురాని ముసలిదాన్ని అడ్డం పెట్టుకుని ఆయన ఎన్నిక నడిపించారని మా బిల్డింగులో ఒకరిద్దరు అంటున్నారు. జరిగింది చెబుతాను, వినండి.

రిచ్‌మండ్ హిల్ అనే ఈ పరాయి దేశపు ఊళ్లో మాది తొమ్మిదో అంతస్తు. ఫ్లాటు నా పేరు మీదే ఉంది. చలికాలం మంచు మీద కాలు పెట్టలేను కాబట్టి, కింద ఉన్న పెద్ద హాల్లో రోజూ ఇరవై చుట్లు నడిచేదాన్ని. అన్నయ్యగారూ వచ్చేవారు, కానీ నాకు ఎదురుగా నడిచేవారు. "ఒకే వైపు నడిస్తే కబుర్లలో పడి కూలబడతాం చెల్లెమ్మా" అనేవారు. చుట్టుకోసారి కిటికీ దగ్గర ఎదురుపడేవాళ్లం. "గోంగూర దొరికిందా?" అని ఆయన. తర్వాతి చుట్టులో నా జవాబు. ఒక్క కబురు పూర్తవడానికి నాలుగు చుట్లు పట్టేది.

నిరుడు బోర్డువాళ్లు, అంటే ఓనర్లం ఎన్నుకున్న మా బిల్డింగు పెద్దలు, ఆ హాలుకు తాళం వేశారు. ముసలివాళ్లు పడితే తమ మీదికొస్తుందట. నా మోకాళ్లు బిగుసుకుపోయాయి. ఓనర్ల మీటింగుకు రమ్మని కాగితం వస్తే, "వాళ్ల మొహం చూడను, వెళ్లను" అన్నాను. మనవాళ్లందరూ అలాగే మానేశారు. జనం చాలక మీటింగు ఆగిపోయింది.

మర్నాడు అన్నయ్యగారు మా గుమ్మంలో నిలబడి తిట్టినంత పని చేశారు. "పెళ్లికి వెళ్లకపోతే అలిగావని తెలిసి ఎవరో ఒకరు వచ్చి బతిమాలతారు. ఇక్కడ వెళ్లకపోతే నువ్వు లేవనే లెక్క." నాలుగిళ్లకు ఒక ఇల్లయినా రాకపోతే మీటింగు జరగదట. దాన్నే కోరం అంటారట. మీటింగు లేకపోతే ఎన్నికా లేదు, పాత బోర్డే ఉంటుంది. అంటే మేం అలిగి వాళ్లనే కుర్చీల్లో ఉంచామన్నమాట!

మళ్లీ తేదీ పడింది. ఆయన ప్రతి తలుపూ కొట్టారు. రాలేనివాళ్ల చేత ప్రాక్సీ కాగితాలు రాయించారు, తమ తరఫున ఎవరొస్తారో పేరు పెట్టి. నా దగ్గరికీ తెచ్చారు. "నా నోరు ఇంకొకరికెందుకిస్తాను? నేనే వస్తా" అన్నాను.

"చదవడం రాదని వెనక్కి తగ్గుతావేమో అనుకున్నా. ఓటు చదువుకు కాదు, ఇంటికి" అని నవ్వారు.

మీటింగు నాలుగు రోజులుందనగా ఆయనే ఆసుపత్రిలో చేరారు. చూడ్డానికి వెళితే దిండు కింద నుంచి ఒక కాగితం తీశారు. ఎవరికి ఓటో తనే రాసి, సంతకం పెట్టి, తన తరఫు మనిషిగా నా పేరు పెట్టారు.

"మీ అబ్బాయి ఉన్నాడుగా?"

"వాడు మొహమాటస్తుడు. నువ్వైతే పోట్లాడైనా వేస్తావ్."

నిజంగానే పోట్లాట అయింది. చదవడం రాని ఆవిడ ఇంకొకరి ఓటెలా వేస్తుందని ఒకాయన ఇంగ్లీషులో లేచాడు. కోడలు నా కొంగు లాగి, "అత్తయ్యా, కూర్చోండి" అంది.

"కూర్చోను. నే చెప్పింది చెప్పినట్టు చెప్పు. రాసింది ఆయన, తెచ్చింది నేను. లోపలి ఉత్తరం చదివావా అని పోస్టుమాన్‌ని అడుగుతాడా ఈయన?"

కోడలు చెప్పింది. జనం నవ్వారు. మీటింగు నడిపే ఆవిడ కాగితం చూసి చెల్లుతుందంది. నా ఓటుకు మాత్రం పేర్లు పైకి చదివించుకుని నేనే గుర్తు పెట్టాను. ఎవరికి వెయ్యాలో అన్నయ్యగారు ఒక్కసారి కూడా చెప్పలేదు. చెబితే నేను ఊరుకునేదాన్నీ కాదు.

కోరం వచ్చింది. బోర్డు మారింది. ఆ వారంలోనే తాళం తీశారు. వీడియోలో హాలు చూపిస్తే ఆయన అడిగింది ఒక్కటే. "ఎన్ని చుట్లు?"

"ఆరు."

"ఇరవై చెయ్."

చేస్తున్నాను. హాల్లో ఇప్పుడు నేనొక్కదాన్నే. అయినా కిటికీ దగ్గరికి రాగానే కాళ్లు వాటంతట అవే గోడ వైపు జరుగుతాయి, ఎదురుగా వచ్చే మనిషికి దారిస్తూ.