జరీదాకెక్కని సవరణ

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి వచ్చిన బస్సు దిగుతూ ఒక పరిచయస్థుడు, "మీ వకీలు సాబు పొద్దుగాల పోయిండు" అన్నాడు. అదే బస్సు తిరిగి వెళ్తుంటే ఎక్కి కూర్చున్నాను. వకాల్తా పని నేర్చుకున్నది ఆయన దగ్గరే. నేర్చుకున్నంత కాలం ఆయనతో పోట్లాడాను కూడా. దారి పొడుగునా, అంత్యక్రియలకు వస్తున్న పెద్దమనుషులు ఆయన్ను "చట్టం గీసిన గీత దాటని మనిషి" అని పొగుడుతుంటే నాకు ఒళ్ళు మండింది. అందుకే ఈ నాలుగు ముక్కలు.

నవాబు ఏలుబడిలోని హైదరాబాదులో సంస్కరణల మాట మొదలైన రోజులవి. రాజ్యాంగం మారబోతోందని, శాసనసభలో మనవాళ్ళు కూర్చుంటారని నేను ఊరూరా ఉపన్యాసాలు దంచేవాణ్ణి. సాబు మాత్రం జరీదాను, అంటే సర్కారు గెజిటును, వేలు పెట్టి చివరిదాకా చదివి, మడిచి, వక్కపలుకు నోట్లో వేసుకుని ఒకటే అడిగేవాడు: "రాసింది చదివినవు తమ్మీ. నడిచేది సూసినవా?"

నడిచేదేమిటో ఎల్లారెడ్డి పక్కన ఆయన సొంత ఊళ్ళోనే ఉంది. దొర ఉండే కోటలాంటి ఇల్లు, గడి, ముందు నుంచి పోయేవాళ్ళు చెప్పులు విడిచి చేత పట్టుకోవాలి. ఒకనాడు చావడిలో సాబు జరీదా చదివి వినిపిస్తుంటే ఒక ముసలి రైతు అడ్డం వచ్చాడు.

"అండ్ల గడి ముందట చెప్పులు ఇడువాలని రాసిండ్రా?"

"లేదు బాపూ."

"ఇడువొద్దని?"

"అదీ లేదు."

"మరి మాకేం మారినట్టు? మీరు సదువుతరు, మేం ఇడుస్తం."

అందరూ నవ్వారు. సాబు నవ్వలేదు.

రాసిన చట్టాన్ని రాసినవాడు కొట్టెయ్యగలడు. ఎవరూ రాయనిదాన్ని ఏ కోర్టు కచ్చేరి కొట్టేస్తుంది? రాజ్యాంగమంటే కాగితమేనని వాదించే మేధావులు దీనికి జవాబు చెప్పాలి.

ఆ ఎండాకాలం, బొంబాయి మిల్లులో పనిచేసి వచ్చిన ఒక నేతగాడు చెప్పులు విడవకుండా గడి దాటాడు. దొర మనుషులు పట్టుకుని కొట్టారు. వారానికోసారి కూడే అంగడి మళ్ళీ వచ్చేలోపు మగ్గం తీసుకుని ఊరు విడిచి పొమ్మన్నారు. అతని తల్లి వచ్చి సాబు అరుగు మీద కూలబడింది.

"నా కొడుకు దొర కాళ్ళు మొక్కుతడు సాబూ. జర మీరొక మాట చెప్పుండ్రి."

నేను కేసు వెయ్యాలన్నాను.

"ఏస్త. గెలుస్తే కొట్టినోనికి జుర్మానా పడ్తది. చెప్పులు చేతులనే ఉంటయి" అన్నాడు సాబు.

అంగడి రోజు ఆయన కొత్త చెప్పులు తొడుక్కున్నాడు. దొరకు దూరపు చుట్టమైనా అప్పటిదాకా ఆయనా విడిచినవాడే. నన్ను పక్కన, నేతగాణ్ణి వెనక రమ్మన్నాడు. మమ్మల్ని చూసి గడి అరుగు మీద కర్రలవాళ్ళు లేచారు. నా ఉపన్యాసాలన్నీ ఎటు పోయాయో, ఒక అడుగు వెనక్కి వేశాను.

"వకీలు సాబూ, కాళ్ళకేమున్నయో సూసుకున్నరా?" అన్నాడు దొర.

"సూసుకున్న దొరా. కొత్తయి, కరుస్తున్నయి."

దొర తెలివైనవాడు. "పోనియ్యిండ్రిరా. వకీలు గద, ఆయనకు మాఫీ" అన్నాడు.

మన రాజ్యాంగాలు బతికేది ఈ మాఫీలతోనే. ఒకణ్ణి వదిలేసి మిగతా ఊరిని పట్టి ఉంచుతాయి. వదలబడినవాడు దాన్నే సంస్కరణ అనుకుని పూలదండ వేయించుకుంటాడు. సాబు కదల్లేదు.

"నాకొక్కనికైతే వద్దు దొరా. ఎనకాయన పోతే నేను పోత. లేకుంటే ఈడనే ఉంట."

దారి మధ్య ఎండలో నిలబడ్డాడు. అంగడికి పోయే బండ్లు మా వెనక ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి. కర్రలవాళ్ళు మెట్లు దిగి రెండడుగుల దూరానికి వచ్చారు. అప్పుడు ఒక బండివాడు, "దొరా, మా ఎడ్ల కాళ్ళకు ఇనుప నాడాలున్నయి. అవి గూడ ఊడదియ్యాల్నా?" అని అరిచాడు. బండ్ల మీదివాళ్ళు నవ్వారు. కర్ర పట్టుకున్నవాడొకడు కూడా నవ్వాపుకోలేకపోయాడు. దొర లేచి లోపలికి పోయాడు. నేతగాడు చెప్పులతోనే దాటాడు. మగ్గం ఊళ్ళోనే ఉండిపోయింది. ఆ తరువాత ఎవరూ విడవలేదు.

ఆ సవరణ ఏ జరీదాలోనూ అచ్చు కాలేదు. నా భయమూ అదే. రాయకుండా వచ్చింది రాయకుండానే పోగలదు.

మొన్న సాబుకు దహనం చేసి, స్నానాలు ముగించి, ఆచారం ప్రకారం అందరం తడిబట్టలతో, ఒట్టి కాళ్ళతో గడి ముందు నుంచి తిరిగి వస్తున్నాం. గడి అరుగు మీద నుంచి ఒకడు అన్నాడు: "సూసిండ్రా, సాబు పోయిండు, పాత మామూలు వచ్చింది."

దుఃఖంతో చెప్పుల్లేని కాళ్ళకూ, లొంగి చెప్పులు విడిచిన కాళ్ళకూ దూరం నుంచి తేడా తెలియదు. తిట్టబోయాను. నేతగాడు నా చెయ్యి పట్టి ఆపి, ఇంటివైపు పోయాడు. కాసేపటికి చెప్పులు తొడుక్కుని తిరిగి వచ్చాడు. ఒంటి మీద తడి పంచె అలాగే ఉంది. గడి ఈ మూల నుంచి ఆ మూలకు నడిచాడు. మళ్ళీ వెనక్కి తిరిగాడు. తడి పాదాల కింద తోలు కిర్రుమంటోంది. అరుగు మీదివాళ్ళకు ప్రతి అడుగూ వినపడేలా, తొందర లేకుండా నడిచాడు.